సంతానం లేని సోదరి మనసుకు ఆసరా

భూమ్యాకాశాల ఆధిపత్యం అల్లాహ్‌ది. ఆయన తాను తలచిన వారికి ఆడపిల్లల్ని ఇస్తాడు, కొందరికి మగపిల్లల్ని ఇస్తాడు, మరికొందరికి ఇద్దరినీ కలిపి ఇస్తాడు, ఇంకొందరిని సంతానం లేకుండా ఉంచుతాడు. దివ్య ఖుర్ఆన్‌లోని సూరహ్ అష్‌షూరా 49, 50 ఆయతుల భావం ఇది. ఈ ప్రపంచంలోని సంసారాలన్నీ ఈ నాలుగు రకాల్లోకి వస్తాయి. ఈ నాలుగింటినీ అల్లాహ్ ఒకే వరుసలో ప్రస్తావించాడు. నాలుగో రకం వారిని శపించబడినవారని గానీ, పాపానికి శిక్ష అనుభవిస్తున్నవారని గానీ ఆయన అనలేదు. తాను సర్వం తెలిసినవాడిననీ, సర్వశక్తిమంతుడిననీ తెలిపి ఆ ఆయతును ముగించాడు.

మరి మన ఇళ్ళలో జరుగుతున్నదేమిటి? బండి ఆత్మకూరు, నంద్యాల, ఆళ్ళగడ్డ ప్రాంతాల్లో ఏ ముస్లిం ఇంట్లోనైనా పెళ్ళయి రెండేళ్ళు గడిస్తే చాలు, కోడలి మీద ప్రశ్నల వాన మొదలవుతుంది. వరినాట్లకు వెళ్ళిన గుంపులో 'ఎంతమంది పిల్లలమ్మా?' అన్నదే మొదటి పలకరింపు. అఖీఖా విందులో 'నీ ఇంట్లో ఎప్పుడు?' అని అడుగుతారు. పెళ్ళికూతురికి పసుపు పూసేటప్పుడు 'నువ్వు కాస్త పక్కన ఉండు' అంటారు. తెలుగులో 'గొడ్రాలు', ఉర్దూలో 'బాంఝ్'. ఈ రెండు మాటలతో ఎందరు సోదరీమణులు రోజూ గాయపడుతున్నారో అల్లాహ్‌కే ఎరుక. ఆ గాయానికి మందు ఏమిటి, ఆ మందు ఇవ్వవలసిన బాధ్యత ఎవరిది అన్నదే ఈ నెల పాఠం.

ఈ బాధ ఎలాంటిది?

సంతానలేమి అరుదైన విషయం కాదు. ప్రపంచంలోని వయోజనుల్లో దాదాపు ప్రతి ఆరుగురిలో ఒకరు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఈ సమస్యను ఎదుర్కొంటున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ప్రకటించింది. అయినా ప్రతి స్త్రీ తానొక్కతే ఇలా ఉన్నానని కుమిలిపోతుంది.

ఒక మనిషి చనిపోతే నలుగురూ వస్తారు, ఓదారుస్తారు, మూడు రోజులకు దుఃఖం కొంత నెమ్మదిస్తుంది. సంతానం కోసం ఎదురుచూసే స్త్రీ దుఃఖం అలాంటిది కాదు. అది ప్రతి నెలా కొత్తగా పుడుతుంది. నెల మొదట్లో ఆశ, నెలాఖరున నిరాశ. పరామర్శించడానికి ఎవరూ రారు. ఎందుకంటే పోయింది ఏమిటో పైకి కనిపించదు. అమెరికాలో అలిస్ డోమార్ అనే మానసిక శాస్త్రవేత్త, ఆమె సహచరులు 1993లో ఒక అధ్యయనం ప్రచురించారు. సంతానలేమితో బాధపడే స్త్రీలలోని దిగులు, ఆందోళన క్యాన్సరు రోగుల్లో కనిపించే స్థాయిలోనే ఉన్నాయని వారు చూపించారు. కాబట్టి 'ఇది కూడా ఒక బాధేనా?' అని తేలిగ్గా తీసిపారేయడం అన్యాయం.

దుఃఖం ఈమాన్‌లో లోపం కాదు

కొందరు మంచి ఉద్దేశంతోనే 'ఏడవకూడదు, సబ్ర్ చెయ్యి, ఏడిస్తే అల్లాహ్ నిర్ణయాన్ని కాదన్నట్టే' అంటూ ఉంటారు. ఈ మాట సరైనది కాదు. సబ్ర్ అంటే కన్నీళ్ళు రాకపోవడం కాదు. కన్నీళ్ళు వచ్చినప్పుడు కూడా అల్లాహ్ గడపను వదలకపోవడం.

హజ్రత్ యాఖూబ్ (అలైహిస్సలాం) బిడ్డ కోసం ఏడ్చి ఏడ్చి కళ్ళు తెల్లబడిపోయాయని సూరహ్ యూసుఫ్ 84వ ఆయతు తెలుపుతోంది. ఆయన దైవప్రవక్త. సుందరమైన సహనం గురించి మాట్లాడినది కూడా ఆయనే. తన వ్యథను, దుఃఖాన్ని అల్లాహ్‌తోనే మొరపెట్టుకుంటున్నానని ఆయన అన్నారు. మన ప్రియ ప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) సైతం పసిబిడ్డ ఇబ్రాహీం కన్నుమూసినప్పుడు కన్నీళ్ళు కార్చారు. ప్రవక్తల కళ్ళు తడిసినప్పుడు ఒక సామాన్య స్త్రీ కన్నీళ్ళు ఈమాన్ బలహీనతకు గుర్తు ఎలా అవుతాయి?

'నువ్వు ఇంతగా బాధపడుతున్నావు కాబట్టే కడుపు నిలవడం లేదు' అని మరికొందరు అంటారు. బాధపడే మనిషి మీద ఇది మరో భారం. కృత్రిమ గర్భధారణ చికిత్స పొందిన 3,583 మంది స్త్రీలపై జరిగిన 14 అధ్యయనాలను కలిపి పరిశీలించిన నివేదిక 2011లో వెలువడింది. చికిత్సకు ముందు ఉన్న దిగులుకు, ఆ చికిత్సలో గర్భం నిలవకపోవడానికి సంబంధం కనిపించలేదని అందులో తేలింది. కాబట్టి ఆమె దుఃఖాన్ని ఆమె నేరంగా మార్చకండి.

హజ్రత్ సారాతోనే ఆగిపోకండి

సంతానం లేనివారిని ఓదార్చేటప్పుడు మనం సాధారణంగా రెండు వృత్తాంతాలు చెబుతాం. ఒకటి హజ్రత్ ఇబ్రాహీం (అలైహి) సతీమణి హజ్రత్ సారా వృత్తాంతం. రెండోది హజ్రత్ జకరియ్యా (అలైహి) వృత్తాంతం. వృద్ధాప్యంలో వీరికి అల్లాహ్ సంతానాన్ని ప్రసాదించాడు. ఇవి గొప్ప ఆశనిచ్చే వృత్తాంతాలు. అల్లాహ్ శక్తికి ఏదీ అసాధ్యం కాదని ఇవి బోధిస్తాయి.

అయితే ఇక్కడితోనే ఆగిపోతే ఒక ప్రమాదం ఉంది. ఇరవై ఏళ్ళు దుఆ చేసినా ఒడి నిండని సోదరి ఈ వృత్తాంతాలు విని ఏమనుకుంటుంది? 'వారి దుఆ అంగీకరించబడింది, నాది అంగీకరించబడలేదు. లోపం నాలోనే ఉంది' అనుకుంటుంది. ఓదార్పు కోసం చెప్పిన మాట ఆమెకు అభియోగంగా మారుతుంది.

అందుకే హజ్రత్ సారా గురించి చెప్పినవారు హజ్రత్ ఆయిషా (రజి) గురించి కూడా చెప్పాలి. ఆమె ఉమ్ముల్ మోమినీన్, విశ్వాసుల మాతృమూర్తి. దైవప్రవక్త (స)కు అత్యంత ప్రియమైన సతీమణి. ఆయన దుఆలు ఆమెకు ఎల్లవేళలా అందుబాటులో ఉండేవి. అయినా ఆమెకు సంతానం కలుగలేదు. దైవప్రవక్త (స) సంతానమంతా హజ్రత్ ఖదీజా (రజి), హజ్రత్ మారియా (రజి)ల ద్వారానే కలిగింది. అంటే సంతానం కలగకపోవడం అల్లాహ్ ఆగ్రహానికి గుర్తయితే, ఈ మాట ఎవరెవరికి వర్తిస్తుందో ఆలోచించండి! అల్లాహ్ రక్షించుగాక!

తన తోటి స్త్రీలందరికీ 'ఫలానా వారి తల్లి' అనే కున్యత్ ఉందని, తనకు లేదని హజ్రత్ ఆయిషా (రజి) ఒకసారి దైవప్రవక్త (స)తో అన్నారు. ఆ మాట వెనుక ఉన్న మనసును ఆయన గ్రహించారు. 'అదంతా ఎందుకు' అని తోసిపుచ్చలేదు, ఉపన్యాసమూ ఇవ్వలేదు. ఆమె అక్క అస్మా (రజి) కుమారుడు అబ్దుల్లాహ్ బిన్ జుబైర్‌ను ఆమె కుమారునిగానే పేర్కొని, అతని పేరుతో కున్యత్ పెట్టుకొమ్మన్నారు. అప్పటి నుండి ఆమె ఉమ్మె అబ్దుల్లాహ్ అయ్యారు. ఈ ఉల్లేఖనం సుననె అబూదావూద్‌లో ఉంది. సంతానం లేని భార్య మనసును ఎలా ఆదుకోవాలో భర్తలకు ఇంతకంటే గొప్ప పాఠం ఏం కావాలి?

ఆమె జీవితం ఖాళీగా గడిచిందా? రెండు వేలకు పైగా హదీసులు ఆమె ద్వారా ఉమ్మత్‌కు చేరాయి. పెద్ద పెద్ద సహాబాలు సైతం సందేహాలు తీర్చుకోవడానికి ఆమె గడపకు వచ్చేవారు. మనిషి మరణించాక మూడు కర్మలు తప్ప మిగిలినవన్నీ ఆగిపోతాయని దైవప్రవక్త (స) బోధించారు. కొనసాగే దానం, ప్రయోజనకరమైన జ్ఞానం, దుఆ చేసే ఉత్తమ సంతానం అనేవే ఆ మూడు (ముస్లిం). ఈ మూడింటిలో రెండు ద్వారాలు సంతానం లేనివారికి కూడా పూర్తిగా తెరిచే ఉన్నాయి.

హజ్రత్ సారా వృత్తాంతంలోనూ మనం గమనించని విషయం ఒకటుంది. సూరహ్ హూద్ 73వ ఆయతులో దైవదూతలు ఆమెను 'ఇంటివారు' అనే మాటతో సంబోధించి, అల్లాహ్ కారుణ్యం, శుభాలు కోరారు. అప్పటికి ఇస్హాఖ్ (అలైహి) ఇంకా పుట్టలేదు. ఆమె ఒడి అప్పటికి ఖాళీయే. అయినా ఆమె ఇంటివారే. బిడ్డ పుట్టాకే కోడలు ఇంటి మనిషి అవుతుందనుకునేవారు ఈ ఆయతును మరొకసారి చదవాలి.

ఒక హదీసు: సరైన అవగాహన

'ప్రేమించే, ఎక్కువ సంతానాన్ని కనగల స్త్రీలను వివాహమాడండి' అనే భావం గల హదీసు అబూదావూద్, నసాయిలలో ఉంది. హదీసు సరైనదే. కొందరు దీనిని ఇంట్లో ఉన్న భార్య మీద విసిరే రాయిగా వాడుకుంటున్నారు. ఇది తీవ్రమైన పొరపాటు. ఇంకా పెళ్ళి చేసుకోని ఒక వ్యక్తి వచ్చి సలహా అడిగినప్పుడు దైవప్రవక్త (స) చెప్పిన మాట అది. పెళ్ళయ్యాక భార్యను అవమానించడానికో, గెంటివేయడానికో ఇచ్చిన అనుమతి కాదు. ఆయన స్వయంగా తనకు సంతానం కలగని సతీమణులతో చివరిదాకా ప్రేమగా కాపురం చేశారు. హదీసు అర్థాన్ని ఆయన జీవితం నుండే నేర్చుకోవాలి.

నాలుక చేసే గాయం

సూరహ్ అల్ హుజురాత్ 11వ ఆయతు ఎగతాళిని, చెడ్డ పేర్లతో పిలవడాన్ని నిషేధించింది. అందులో స్త్రీలు తోటి స్త్రీలను ఎగతాళి చేయకూడదని ప్రత్యేకంగా చెప్పబడింది. ఎగతాళికి గురైనవారే వీరికంటే ఉత్తములై ఉండవచ్చని కూడా హెచ్చరించబడింది. 'గొడ్రాలు' అనే మాట ఈ ఆయతు పరిధిలోకి రాకపోతే మరేది వస్తుంది?

దైవప్రవక్త (స) కుమారులు పసితనంలోనే మరణించినప్పుడు మక్కా అవిశ్వాసులు ఆయనను 'వంశం తెగినవాడు' అని ఎత్తిపొడిచారు. ఆ మాట అన్నవాడు ఆస్ బిన్ వాయిల్ అని పలువురు వ్యాఖ్యాతలు రాశారు. దానికి జవాబుగా అల్లాహ్ సూరహ్ అల్ కౌసర్ అవతరింపజేశాడు. సంతానం విషయంలో దెప్పిపొడవడం ఎవరి సంప్రదాయమో, ఆ దెప్పుకు బాధితుని తరఫున జవాబిచ్చినది ఎవరో మన అత్తలు, ఆడబిడ్డలు, తోడికోడళ్ళు గుర్తుంచుకోవాలి.

దేశ చట్టం కూడా ఈ విషయంలో మౌనంగా లేదు. 2005 నాటి గృహహింస నుండి మహిళల రక్షణ చట్టం 2006 అక్టోబరు 26 నుండి అమల్లో ఉంది. పిల్లలు లేరనో, మగపిల్లవాడు లేడనో స్త్రీని అవమానించడం, ఎగతాళి చేయడం గృహహింసేనని దాని 3వ సెక్షన్ వివరణలో స్పష్టంగా రాసి ఉంది. హద్దు దాటిన హింస ఉంటే 181 మహిళా సహాయ నంబరుకు ఫోన్ చేయడం పాపం కాదు.

పరీక్ష ఇద్దరికీ

గర్భం నిలవని దంపతుల్లో దాదాపు సగం మంది విషయంలో పురుషునిలోని లోపమే కారణంగా గానీ, కారణాల్లో ఒకటిగా గానీ ఉంటుందని వైద్యులు చెబుతున్నారు. స్త్రీలో అండం సక్రమంగా విడుదల కాకపోవడం, థైరాయిడ్ సమస్య, ఫెలోపియన్ నాళాలు మూసుకుపోవడం, గర్భాశయానికి క్షయ సోకడం వంటివి కారణాలు కావచ్చు. పురుషునిలో వీర్యకణాల సంఖ్య, కదలిక తగ్గడం కారణం కావచ్చు. ఏడాది కాపురం చేసినా గర్భం రాకపోతే ఇద్దరూ పరీక్ష చేయించుకోవాలి. భార్య వయసు 35 దాటితే ఆరు నెలలకే వెళ్ళాలి. పురుషునికి చేసే వీర్య పరీక్ష సులభమైనది, తక్కువ ఖర్చుతో అయ్యేది. అయినా భార్యను పది ఆసుపత్రులు తిప్పి, తాను మాత్రం ఒక్క పరీక్షకూ ఒప్పుకోని భర్తలున్నారు. ఇది న్యాయమా?

హజ్రత్ ఉమర్ (రజి) కాలంలో సంతానం కనలేని ఒక వ్యక్తి వివాహం చేసుకున్నాడు. 'ఆ సంగతి ఆమెకు చెప్పావా?' అని ఉమర్ (రజి) అడిగారు. లేదనగానే, వెళ్ళి ఆమెకు తెలిపి, ఉండాలో విడిపోవాలో ఎంచుకునే స్వేచ్ఛ ఆమెకు ఇవ్వమని ఆదేశించారు. ముసన్నఫ్ అబ్దుర్రజ్జాఖ్‌లో ఈ ఉల్లేఖనం ఉంది. సంతానలేమి పురుషుని వైపు నుండీ ఉండవచ్చని, సంతానం కోరుకునే హక్కు స్త్రీకీ ఉందని ఆ నాడే గుర్తించబడింది. తనకు పరీక్ష చేయించుకోకుండానే 'రెండో పెళ్ళి చేసుకుంటాను' అని బెదిరించే భర్త దీనిని ఆలోచించాలి.

చికిత్స చేయించుకోవడం తవక్కుల్‌కు విరుద్ధం కాదు. అల్లాహ్ ప్రతి వ్యాధికీ మందు సృష్టించాడని దైవప్రవక్త (స) ప్రబోధించారు. హజ్రత్ జకరియ్యా (అలైహి) విషయంలో ఆయన సతీమణిని సరిచేశామని అల్లాహ్ సూరహ్ అల్ అంబియా 90వ ఆయతులో తెలిపాడు. టెస్ట్‌ట్యూబ్ పద్ధతి విషయంలో అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్‌హ్ అకాడమీ 1986లో అమ్మాన్ నగరంలో నిర్ణయం చేసింది. భార్యాభర్తల అండం, వీర్యమే అయి, ఆ భార్య గర్భంలోనే ఉంచితే, అవసరమైన జాగ్రత్తలతో దానిని అనుమతించింది. మూడో వ్యక్తి అండం, వీర్యం, గర్భం ప్రవేశిస్తే అది నిషిద్ధమని పేర్కొంది. వివరాల్లో ఉలమాల మధ్య కొంత అభిప్రాయభేదం ఉంది గనుక, చికిత్స మొదలుపెట్టే ముందే నమ్మకమైన ముఫ్తీని సంప్రదించాలి. ఆసుపత్రి 2021 నాటి చట్టం ప్రకారం రిజిస్టరు అయినదో కాదో కూడా అడిగి తెలుసుకోవాలి.

మొక్కుబళ్ళ దారి పట్టే ముందు

ఏటా ముహర్రం నెలలో నెల్లూరు బారాషహీద్ దర్గా వద్ద రొట్టెల పండుగ జరుగుతుంది. స్వర్ణాల చెరువులో నిలబడి స్త్రీలు 'సంతానం రొట్టె' అందుకుంటారు. కోరిక తీరినవారు మరుసటి ఏడు వచ్చి ఆ రొట్టె పంచుతారు. మన పల్లెల్లో పీర్ల చావిడి ముందు మొక్కుకునేవారూ ఉన్నారు. సంతానాన్ని ఇచ్చేవాడు అల్లాహ్ ఒక్కడే. ఆయనను వదలి మరొకరిని అర్థించడం తౌహీద్‌కు విరుద్ధం. ఈ మాట నిస్సంకోచంగా చెప్పాలి.

అయితే ఆ స్త్రీలను తిట్టి పంపేముందు ఒక్క క్షణం ఆగి ఆలోచించాలి. ఆమె అంత దూరం ఎందుకు వెళ్ళింది? అక్కడ తనలాంటివారు వందలమంది కనిపిస్తారు. అక్కడ ఏడిస్తే ఎవరూ 'నోరు మూసుకో' అనరు. ఆమెకు ఇంట్లో దొరకని స్థలం అక్కడ దొరుకుతోంది. మన ఇళ్ళలో, మన స్త్రీల ఇజ్తెమాలలో ఆమె మనసు విప్పి మాట్లాడే చోటు కల్పించకుండా, కేవలం షిర్క్ గురించి హెచ్చరిస్తే ఆ హెచ్చరిక ఆమె హృదయాన్ని చేరదు. వేలకు వేలు వసూలు చేసే బాబాల గడపకు ఆమెను తోస్తున్నది ఎక్కువగా ఆమె అవిశ్వాసం కాదు, మన కఠినత్వం.

ఇంటివారు చేయవలసినవి

1. భర్త వినాలి. హజ్రత్ ఆయిషా (రజి) పదకొండు మంది స్త్రీల కథ సుదీర్ఘంగా చెబుతూ ఉంటే దైవప్రవక్త (స) ఓపికగా విన్నారు (బుఖారీ). భార్య ఏడిస్తే వెంటనే సలహా ఇవ్వకండి. పక్కన కూర్చోండి. ఆసుపత్రికి ఆమెను ఒంటరిగా పంపకండి. మీ తల్లి, అక్కచెల్లెళ్ళు దెప్పినప్పుడు మౌనంగా ఉండకండి. 'ఇది మా ఇద్దరి విషయం, అల్లాహ్ చేతిలోని విషయం' అని మర్యాదగా, గట్టిగా చెప్పండి.

2. అత్తగారు అమ్మలా ఉండాలి. ప్రతి నెలా తేదీలు లెక్కపెట్టి అడగడం మానాలి. ఇరుగుపొరుగు అడిగితే జవాబు తానే చెప్పి కోడలిని కాపాడాలి.

3. శుభకార్యాల్లో ఆమెను దూరం పెట్టకూడదు. సంతానం లేని స్త్రీ చేయి తగిలితే అశుభం అన్నది ఇస్లాంలో లేని నమ్మకం. అపశకునాలను దైవప్రవక్త (స) ఖండించారు. పిలవండి. రాలేనంటే నిష్ఠూరమాడకండి. ఆమె మనసు ఆ రోజు ఎలా ఉందో ఆమెకే తెలుసు.

4. మాట తోచకపోతే సేవ చేయండి. దుఃఖంలో ఉన్నవారికి తల్బీనా, అంటే బార్లీ జావ కాచి ఇవ్వమని హజ్రత్ ఆయిషా (రజి) చెప్పేవారు. అది మనసుకు ఊరటనిస్తుందని దైవప్రవక్త (స) అన్నట్లు ఆమె ఉల్లేఖించారు (బుఖారీ). వేడి జావ గిన్నెతో వచ్చి మౌనంగా కూర్చున్న పొరుగింటామె, వంద సలహాలు ఇచ్చేవారికంటే మేలు.

ఆ సోదరితో నాలుగు మాటలు

ప్రియ సోదరీ! మీరు శిక్ష అనుభవిస్తున్నవారు కారు. దుఆ వదలకండి. హజ్రత్ జకరియ్యా (అలైహి) ఏకాంతంలో, మెల్లని స్వరంతో, తన ఎముకల బలహీనతను, తల నెరుపును చెప్పుకుని మరీ వేడుకున్నారు. మీరూ మీ మాటల్లో, మీ భాషలో చెప్పుకోండి. ఆయన వేడుకోలు సూరహ్ అల్ అంబియా 89వ ఆయతులో ఉంది, కంఠస్థం చేసుకోండి. పాపం కోసం గానీ, బంధుత్వం తెంచడం కోసం గానీ చేయని ఏ దుఆ కూడా వ్యర్థం కాదు. అడిగినది ఇవ్వబడుతుంది, లేదా పరలోకం కోసం దాచబడుతుంది, లేదా దానికి బదులు ఒక కీడు తొలగించబడుతుంది. ఇది ముస్నద్ అహ్మద్‌లోని హదీసు సారాంశం.

రెండు వారాలు దాటినా నిద్ర పట్టకపోవడం, తిండి సహించకపోవడం, ఏ పనిలోనూ మనసు నిలవకపోవడం, బ్రతకాలనిపించకపోవడం వంటివి ఉంటే, అవి ఈమాన్ లోపాలు కావు, వైద్యం అవసరమైన లక్షణాలు. 14416 నంబరుకు ఫోన్ చేయండి. ఇది 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలీ మానస్ సేవ. ఇరవై నాలుగు గంటలూ ఉచితం, తెలుగులోనే మాట్లాడవచ్చు. చనిపోవాలన్న ఆలోచన వస్తే ఒక్క గంట కూడా ఒంటరిగా ఉండకండి. ఇంట్లో నమ్మకమైన వారికి వెంటనే చెప్పండి.

మీ మాతృప్రేమకు మరో దారి కూడా ఉంది. అనాథను పోషించేవాడు స్వర్గంలో తనతో రెండు వేళ్ళలా కలిసి ఉంటాడని దైవప్రవక్త (స) శుభవార్త వినిపించారు (బుఖారీ). సూరహ్ అల్ అహ్‌జాబ్ 5వ ఆయతు ప్రకారం బిడ్డకు సొంత తండ్రి పేరునే ఉంచాలి. పరదా, వారసత్వ నియమాలు ముందే ఆలిమ్‌ను అడిగి తెలుసుకోవాలి. రెండేళ్ళలోపు బిడ్డకు మీ సొంత అక్క గానీ చెల్లెలు గానీ పాలిస్తే, పాల సంబంధం వల్ల మీరు ఆ బిడ్డకు పిన్నమ్మో పెద్దమ్మో అవుతారు, పరదా సమస్య తీరుతుంది. అయితే ఇది బలవంతం కాదు. పిల్లలు లేకుండానే భార్యాభర్తలు ఒకరికొకరు తోడుగా జీవించడం కూడా సంపూర్ణమైన జీవితమే.

పాఠకులారా! ఈ పాఠం చదివి ముగించాక మీ ఇంట్లో, మీ వీధిలో ఇలాంటి సోదరి ఎవరున్నారో గుర్తుచేసుకోండి. ఆమెను ఏమీ అడగకండి. 'ఎలా ఉన్నావమ్మా?' అని మాత్రం పలకరించి, ఆమె చెప్పేది వినండి. మేలైన మాట పలకాలి, లేదా మౌనం వహించాలి అన్న ప్రవక్త బోధను ఈ ఒక్క విషయంలో ఆచరించినా ఎన్నో ఇళ్ళు చల్లబడతాయి.

ఓ అల్లాహ్! సంతానం కోసం తపించే వారికి ఉత్తమ సంతానాన్ని ప్రసాదించు. నీ జ్ఞానంతో ఎవరికి ఇవ్వలేదో వారి హృదయాలను నీ సాన్నిధ్యంతో నింపు. మా నాలుకల నుండి వారిని కాపాడు. ఆమీన్.